ఏడు సీసాల మూసీ

కార్తీక మాసంలో వాడపల్లి పోయి మునిగి, దీపం వదలాలని అక్కకు ఎప్పటి నుంచో ఉంది. మూసీ పుట్టిన చోటు నుంచి కృష్ణలో కలిసే ఆ వాడపల్లి దాకా ఒక్కసారైనా వరసగా నీళ్లు పట్టి చూడాలని బావకు ఉంది. బావ ముప్పయ్యేళ్లు నీటి పరీక్షల ల్యాబులో పనిచేసి, మూడేళ్ల కిందట రిటైరయ్యాడు. ఇద్దరి మొక్కులూ ఒకే దారిలో పడ్డాయి. కారు నాది, కాబట్టి డ్రైవర్ని నేనయ్యాను.

తెల్లవారుజామున నాలుగింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో బయల్దేరేటప్పుడే గొడవ. డిక్కీలో అక్క పులిహోర డబ్బా, వత్తులు, నూనె, మారుబట్టలు ఉన్నాయి. వాటి పక్కనే బావ ఐసు నింపిన థర్మాకోల్ పెట్టె, అట్టముక్కల మధ్య ఏడు గాజు సీసాలు, ఓ చిన్న సల్ఫ్యూరిక్ యాసిడ్ సీసా పెట్టాడు.

"పులిహోర పక్కన యాసిడా? మీకు పెండ్లాం మీద కోపముంటే నోటితో చెప్పున్రి" అంది అక్క.

చివరికి యాసిడ్ సీసా ముందు సీట్లో బావ కాళ్ల మధ్యకు వచ్చింది. రెండు రోజులూ అది అక్కడే ఉంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా బావ నావైపు చూసేవాడు.

చేవెళ్ల దాటాక మర్రిచెట్ల రోడ్డు, పొగమంచు. వికారాబాద్ చేరి అనంతగిరి ఘాట్ ఎక్కేసరికి ఆరున్నర. అనంత పద్మనాభస్వామి గుడికి కార్తీకంలో జనం ఎక్కువ. మెట్ల కింద పుష్కరిణిలో అప్పటికే పిల్లలు ఈదుతున్నారు. ముచుకుందుడనే రాజర్షి ఇక్కడి గుహలో నిద్రపోయాడనీ, కృష్ణుణ్ణి తరుముతూ వచ్చిన కాలయవనుడు ఆయన చూపు పడి బూడిదయ్యాడనీ, తర్వాత ఆయన కృష్ణుడి కాళ్లు కడిగిన నీళ్లే ముచికుందా నది అయ్యాయనీ కథ. ముచికుందా నోట్లో నలిగి మూసీ అయింది. కాళ్లు కడిగిన నీళ్లతో మొదలైన నది మన చేతిలో పడి ఏమేం కడగాల్సి వచ్చిందో చూడ్డానికే మేం బయల్దేరాం మరి.

గుడి కిందికి దిగితే చెట్ల మధ్య రాళ్ల మీంచి సన్నగా నీళ్లు పారుతున్నాయి. బావ ప్యాంటు మడిచి దిగాడు. నీళ్లు పట్టడం ఇంత పనని నాకు అప్పటిదాకా తెలియదు. సీసా ముంచేస్తే చాలదట. బుడగ పడితే ఆ బుడగలోని గాలి నీళ్లలో కరిగి లెక్క తప్పుతుంది. అందుకే సీసాను ప్రవాహానికి ఎదురుగా వాలుగా పెట్టి, నిండి పొర్లిపోయేదాకా ఆగి, నీళ్లలోనే మూత బిగించాడు. తర్వాత మూత తీసి, సన్నటి గాజు గొట్టంతో మాంగనీస్ సల్ఫేట్ కొంచెం, క్షారం కలిపిన అయొడైడ్ కొంచెం సీసా అడుక్కంటా వదిలాడు. మళ్లీ మూత పెట్టి నాలుగుసార్లు తిరగేశాడు. తెల్లగా మొదలైన మబ్బు చూస్తుండగానే గోధుమ రంగుకు తిరిగి, కిందికి దిగడం మొదలైంది. అచ్చం బెల్లం పాకం.

"బెల్లం పడ్డదంటే ఆక్సిజన్ ఉన్నట్టు. రంగు ఎంత చిక్కగుంటే అంత ఎక్కువ."

"లేకపోతే?"

"లేకపోతే గంజి. అది మూసారాంబాగ్‌ల చూద్దువు బామ్మర్దీ."

వింక్లర్ అనే ఆయన పందొమ్మిదో శతాబ్దంలో కనిపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు మీటర్లున్నాయి, నీళ్లలో ముంచితే అంకె పడుతుంది. కానీ మీటర్ అబద్ధం చెప్పినా తెలియదు, సీసాలో రంగు కళ్ల ముందే పడుతుంది అంటాడు బావ. బ్యాక్టీరియా కోసం ఇంకో చిన్న గాజు బుడ్డిలోనూ నీళ్లు నింపాడు. అందులో మందు పూసిన కాగితం ముక్క ఉంటుంది. మలం తాలూకు బ్యాక్టీరియా ఉంటే ఒకటి రెండు రోజుల్లో బుడ్డి మొత్తం నల్లబడుతుంది. గ్రామ పంచాయతీల్లో తాగునీళ్ల పరీక్షకు వాడేవి ఇవే. లేబుల్ మీద బావ రాసింది నాకు చాదస్తంగా తోచింది: ఊరు, తేదీ, గంట, నిమిషం, ఎండా మబ్బా, నీళ్లు ఏ వైపు నుంచి వస్తున్నాయి. ఆ గంట, నిమిషం ఎందుకో మర్నాడు తెల్లారి తెలిసింది.

రెండో సీసా గండిపేటలో, అంటే ఉస్మాన్‌సాగర్ దగ్గర. ఇక్కడ ఎక్కువసేపు ఆగలేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ నగరం మీద పడి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి వేయించిన పథకంలోంచి వచ్చిన చెరువులివి. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే నగరానికి మంచినీళ్లూ ఇచ్చాయి. ఈ రెంటి చుట్టూ 10 కిలోమీటర్ల దాకా ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రావొద్దని 1996 మార్చి 8న జీవో 111 తెచ్చారు. దాని కింద 84 గ్రామాలు. ఆ పరిధిలో నూనెల ఫ్యాక్టరీ ఒకటి పెడతామంటే కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. హాని జరుగుతుందని జనం రుజువు చేయనక్కర్లేదు, జరగదని పెట్టేవాడే రుజువు చేయాలని 1999లో అక్కడ తేలింది. దేశంలో చాలా నీళ్ల కేసుల్లో ఆ తీర్పును తలుచుకుంటారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చి ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామంది. కట్ట మీద నిలబడి చూస్తే దూరంగా క్రేన్లు వరసగా కనిపిస్తాయి. బావ వాటిని చూసి ఏమీ అనలేదు, సీసా ఎత్తి వెలుగుకు పట్టి చూశాడు. బెల్లమే.

"ఫోటో తీసుకో. మళ్ల ఎప్పుడొస్తమో."

లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర ఈసీ, మూసీ కలుస్తాయి. గాంధీ అస్థికలు కలిపిన చోటది. ముక్కుకు వాసన అక్కడ మొదలైంది. పురానాపూల్ కింద నీళ్లు ముదురు బూడిద రంగులో ఉన్నాయి. 1578 నాటి వంతెన, తన కింద ఎన్ని రంగులు పారాయో దానికే తెలియాలి. ఉస్మానియా ఆసుపత్రి పక్కనుంచి పోతుంటే అక్క ఆ చింతచెట్టు ఏదని అడిగింది. 1908 వరదలో నూటయాభై మంది దాకా దానిమీదెక్కి బతికారని చెప్పుకునే చెట్టు. ట్రాఫిక్‌లో ఆగి చూపించే వీలు లేకపోయింది. చాదర్‌ఘాట్ దగ్గర ఒడ్డున కూల్చిన ఇళ్ల మొండిగోడలు, కొన్నిటి మీద ఇంకా ఎర్ర రంగు 'ఆర్‌బీ ఎక్స్' గుర్తులు. 55 కిలోమీటర్ల మూసీ సుందరీకరణ కోసం, నది గర్భంలో ఉన్న ఇళ్లని 2024లో వేసిన గుర్తులవి. నది ఒడ్డున ఎవరుండాలన్నది పెద్ద గొడవ, దాన్ని నేను ఈ రెండు రోజుల కథలో తేల్చలేను. కానీ నదిని శుభ్రం చేస్తామన్న మాట విన్నప్పుడల్లా నాకు ముందు ఒడ్డు గుర్తొస్తోంది గానీ నీళ్లు గుర్తు రావడం లేదు. బావకు ఎప్పుడూ నీళ్లే.

మూసారాంబాగ్ దగ్గర మధ్యాహ్నం పన్నెండు దాటింది. బావ తాడుకు ఇనుప డబ్బా ఒకటి కట్టి దించాడు. డబ్బా లోపల సీసా కూచుంటుంది, గొట్టం గుండా నీళ్లు సీసా అడుగు నుంచి నిండుతాయి, గాలి కలవదు. బకెట్‌తో తోడితే నీళ్లు చిందినప్పుడే గాలి పట్టేస్తుందట. ముగ్గురు నలుగురు చేరారు.

"ఏం పడ్డది సార్, ఫోనా?" అన్నాడు ఒకాయన.

"లేదు, నీళ్లు చూస్తున్నం."

"గీ నీళ్లల్ల ఇంక చూసేదేముంది సార్!"

ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో వాడిన పూజ పూలు. మాతో మాట్లాడుతూనే కవరు ముడి వేసి, కంచె పైనుంచి మూసీలోకి విసిరి, దణ్ణం పెట్టుకుని పోయాడు. అక్క నావైపు చూసి, చూపు తిప్పుకుంది. మా ఇంటి పూలూ మొన్నమొన్నటి దాకా ఇక్కడికే వచ్చేవి.

మాంగనీస్, అయొడైడ్ వేసి సీసా తిరగేశాడు. నేను ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాను. తెల్లటి మబ్బు. ఇప్పుడు గోధుమ రంగుకు తిరుగుతుంది, ఇప్పుడు తిరుగుతుంది అని చూస్తున్నా. తిరగలేదు. కొంచెం మురికిపట్టిన తెలుపు, గంజి అడుగున పేరుకున్నట్టు, అట్లాగే కిందికి దిగి కూచుంది. ఒక నదిలో ఊపిరి లేదన్న మాట ఎన్నోసార్లు చదివాను. చేతిలో పట్టుకుని చూడటం వేరు.

బావ అప్పుడు చెప్పిన మాట నాకు అంతకు ముందు తోచలేదు. "ఎండాకాలం ఈడ పారేది మూసీ అనుకుంటున్నవా? ఇది కృష్ణా, మంజీరా, గోదావరి. మనం వాడి పారబోసినయి." నిజమే. 2004 నుంచి మూడు దశల్లో, ఒక్కో దశకు రోజుకు 9 కోట్ల గ్యాలన్ల చొప్పున నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణా నీళ్లు నగరానికి ఎక్కుతున్నాయి. ఆ నీళ్లు మన బాత్‌రూములు, వంటిళ్లు తిరిగి మోరీల్లో పడి, మూసీలోకి దిగి, సాగర్ డ్యాం కింద వాడపల్లిలో మళ్లీ కృష్ణలో కలుస్తాయి. డ్యాం పైన మంచినీళ్లుగా తీసుకుని కింద అప్పజెప్తున్నామన్నమాట. ఏ స్థితిలో అప్పజెప్తున్నామన్నదే లెక్క.

అక్కడికి దగ్గర్లోనే అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం. రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేసేలా కట్టారు. దిగువన నాగోల్‌ది 17.2 కోట్లు. ఈమధ్య నగరం చుట్టూ 31 కొత్తవి, అన్నీ కలిపి సుమారు 126 కోట్ల లీటర్ల సామర్థ్యంతో మొదలుపెట్టారు. ఇది మెచ్చుకోవాల్సిన పనే. కానీ ఈ కేంద్రాలు చేసేది ముఖ్యంగా ఒక్కటి. మురుగులోని కుళ్లును సూక్ష్మజీవుల చేత తినిపిస్తాయి. ఉప్పును అవి తినలేవు. మందుల ఫ్యాక్టరీ రసాయనాలనూ అన్నిటినీ తినలేవు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. ఆ నీళ్లు అప్పట్లో మంజీరాలో కలిసే నక్కవాగులోకి పోయేవి. తర్వాత 18 కిలోమీటర్ల పైపు వేసి అంబర్‌పేటకు తిప్పారు. గోదావరి వైపు పోయే బరువు కృష్ణ వైపు తిరిగింది. బీఓడీ అంకె ఒక్కటే చూసేవాడికి ఇదేదీ కనపడదు.

బీఓడీ అంటే ఏమిటో కారులో అక్కకు బావ చెప్పిన తీరు బాగుంది. "పెండ్లి భోజనాలు అయినంక మిగిలినయి చెర్ల పారబోసిన్రనుకో. వాటిని తినే పురుగులకు ఎంత గాలి కావాల్నో అది బీఓడీ. తిండి ఎక్కువైతే గాలంతా పురుగులే పీలుస్తయి, చేపకు మిగలదు." స్నానానికి పనికొచ్చే నీళ్లలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. 30 దాటితే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ నది ముక్కను మొదటి ప్రాధాన్యం కింద, అంటే అందరికంటే అధ్వాన్నం కింద, రాస్తుంది. 2018 జాబితాలో మూసీ అందులో ఉంది. నీళ్లకు ఐదు తరగతులున్నాయి. ఎ అంటే క్రిమిసంహారం చేసి తాగొచ్చు, బి స్నానానికి, సి శుద్ధి చేశాక తాగడానికి, డి చేపలకు, ఇ పొలాలకు. "ఇ కూడా తప్పితే?" అంది అక్క. "దానికి అక్షరం పెట్టలేదు" అన్నాడు బావ.

నాలుగో సీసా ప్రతాపసింగారం దగ్గర. పీర్జాదిగూడ దాటగానే ఒడ్డున రెండు వైపులా ప్యారా గడ్డి, నిలువెత్తు పచ్చగా. నగరంలో చాలా డెయిరీల బర్రెలు తినేది ఈ గడ్డే. గడ్డి కోస్తున్న ముసలమ్మ ఒకామె మమ్మల్ని చూసి కొడవలి ఆపింది.

"నీళ్లు పట్కపోతే ఏమొస్తది కొడుకా? శానామంది పట్కపోయిన్రు. ఒక్కలు గూడ మళ్ల వచ్చి చెప్పలే."

బావ నొచ్చుకున్నాడు. ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో పట్టిన సీసాలన్నీ గుర్తొచ్చి ఉంటాయి. వరి ఎందుకు వేయడం లేదని నేనడిగాను.

"ఏస్తె మస్తు ఏపుగ పెరుగుతది. గింజలేమో తాలు. ఊర్కె గడ్డి లెక్కనే అయితది, గందుకే గడ్డే పెట్టినం." మురుగులో నత్రజని ఎక్కువైతే జరిగేది ఇదేనని పుస్తకాల్లో ఉంటుంది. ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది. తన చిన్నతనంలో ఇసుకలో చెలిమె తీసుకుని తాగేవాళ్లట. ఇప్పుడు దిగితే మోకాళ్ల దాకా దురద. ఆమె కాళ్లకు ఎవరో పడేసిన రబ్బరు బూట్లు, రెండూ ఎడమ కాలివే.

సీసాలో గంజే.

అక్కణ్ణించి సంగెం దాకా కారులో ఎవరం మాట్లాడలేదు. పులిహోర కూడా పోచంపల్లి రోడ్డు మీద, వాసన రాని చోట చూసుకుని తిన్నాం. వలిగొండ మండలంలో సంగెం దగ్గర భీమలింగం కత్వ. కత్వ అంటే నదికి అడ్డంగా కట్టిన రాతి ఆనకట్ట. మూసీ మీద ఇట్లాంటివి వరసగా ఉన్నాయి, ఒక్కోదాని పక్కనుంచి కాలువ ఒకటి చెరువులకు పోతుంది. నీళ్లు కత్వ మీంచి దూకుతున్నాయి, కింద నురగ మంచు గడ్డల్లా పేరుకుంది. గాలికి ముక్కలు లేచి రోడ్డు మీదికొస్తున్నాయి. ఓ పిల్లాడు దాన్ని చేత్తో పట్టబోతే వాళ్ల నాన్న ఒక్కటిచ్చాడు. అది మన సబ్బులు, షాంపూలు, డిటర్జెంట్ల నురగ.

కానీ బావ ముఖం ఇక్కడే కాస్త వెలిగింది. నీళ్లు దూకినప్పుడల్లా గాలి కలుస్తుంది, వెనక నిలిచినప్పుడు మడ్డి కిందికి దిగుతుంది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ తరఫున పరిశోధకులు ఈ నది మీద పనిచేసి, నగరం దిగువన సుమారు 40 కిలోమీటర్ల పొడవునా కత్వలు దాటిన కొద్దీ బీఓడీ, మలం బ్యాక్టీరియా, నులిపురుగుల గుడ్లు బాగా తగ్గాయని 2010లో రాశారు. పొలాలకు నీళ్లివ్వాలని ఎప్పుడో మన పూర్వీకులు పేర్చిన రాళ్లు, ఎవరూ జీతమివ్వని శుద్ధి కేంద్రంలా పనిచేస్తున్నాయి. సీసాలో రంగు పాలెక్కువైన చాయ్‌లా పడింది. బెల్లం కాదు, గంజీ కాదు. అయితే నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపించే పెన్నులాంటి మీటరు బావ జేబులోంచి తీసి ముంచితే అంకె తగ్గలేదు సరికదా ఇంకాస్త పెరిగింది. ఉప్పుకు కత్వ అడ్డం కాదు.

సూర్యుడు వాలుతుండగా సోలిపేట, మూసీ ప్రాజెక్టు. 1963లో పూర్తయింది, 4.46 టీఎంసీలు, సుమారు 30 వేల ఎకరాల ఆయకట్టు. వాసన లేదు, నురగ లేదు. ఎదురుగా విశాలంగా పచ్చటి నీళ్లు, కొంగలు, చల్లగాలి. అక్క అయితే ఇక్కడే మునుగుదామా అంది. ఆరో సీసాలో రంగు పడగానే నేను కేక పెట్టాను. అనంతగిరికంటే చిక్కటి బెల్లం!

"చూసినవా బావా, నది బతికింది!"

"ఆగు బామ్మర్దీ. ఇది మాయ. పొద్దుగూకె యాళ్ల ఇట్లనే ఉంటది. తెల్లారి చూద్దాం పా."

ఆ రాత్రి సూర్యాపేటలో లాడ్జి. నేను మంచం మీద పడ్డాను, బావ మాత్రం బాత్‌రూములో స్టూలు వేసుకుని లైటు కింద కూచున్నాడు. సీసాలో యాసిడ్ చుక్కలు వేస్తే అడుగున ఉన్న బెల్లం కరిగి నీళ్లు తేనె రంగుకొస్తాయి. గంజిపొడి కలిపితే చిక్కటి నీలం. అప్పుడు బ్యూరెట్ అనే కొలతల గొట్టంలోంచి హైపో అనే రసాయనం ఒక్కో చుక్క. నీలం పలచబడుతూ పలచబడుతూ, ఒక చుక్క దగ్గర ఉన్నట్టుండి మాయమవుతుంది. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో అదే ఆక్సిజన్ లెక్క. చాయ్ తెచ్చిన కుర్రాడు తలుపు సందులోంచి నీలం సీసా, యాసిడ్, గ్లౌజులు చూసి కప్పు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. ఐదు నిమిషాలకు మేనేజరు పైకొచ్చాడు. "సార్, ఏం లేదు గానీ, ఏం చేస్తున్రు?" బావ ఆయనకూ మొత్తం వివరించాడు. ఆయన పోతూ పోతూ లాడ్జి బోరు నీళ్లు కూడా చూడమని ఓ బాటిల్ ఇచ్చాడు. మూసారాంబాగ్, ప్రతాపసింగారం సీసాల్లో యాసిడ్ వేసినా ఏ రంగూ రాలేదు. లెక్కపెట్టడానికి ఏమీ లేదు.

బావ నోట్‌బుక్కులో అన్నీ రాసుకున్నాడు. ఆ అంకెలు ఇక్కడ రాయొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఒక్కరోజు, ఒక్క సీసా అంకె చూసి నది బాగుందనో చెడిందనో రాసేవాళ్ల మీద ఆయనకు ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచే కోపం.

తెల్లారి ఐదున్నరకు మళ్లీ సోలిపేట. నిన్నటి చోటే, నిన్నటి రాయి మీదే నిలబడి, కడిగిన సీసానే ముంచాడు. రంగు పడింది. నీళ్ల చాయ్, అదీ పలచనిది. పన్నెండు గంటల్లో నది ఊపిరి ఎక్కడికి పోయిందో నాకు అర్థం కాలేదు. ఆ పచ్చదనమే కారణం. నగరం మురుగులోని నత్రజని, ఫాస్ఫరస్ తిని నాచు బలుస్తుంది. పగలు ఎండ తగిలితే ఆక్సిజన్ వదులుతుంది, అందుకే సాయంత్రానికి నీళ్లలో మామూలుగా కరగాల్సినదానికంటే ఎక్కువ ఉంటుంది. రాత్రయితే అదే నాచు ఆక్సిజన్ పీలుస్తుంది. చేపలు తేలేది తెల్లారుజామునే. మధ్యాహ్నం భోజనం చేసి జీపులో వచ్చి పట్టిన సీసాలో ఇది దొరకదు. లేబుల్ మీద గంట, నిమిషం రాయడం చాదస్తం కాదని అప్పుడు ఒప్పుకున్నాను. 1974 నీటి చట్టం, నెలనెలా శాంపిళ్లు, ఇన్ని కేంద్రాలు, అన్నీ ఉన్నాయి. కానీ చివరికి అదంతా పొద్దున ఐదున్నరకు రాయి మీద ఒక మనిషి నిలబడతాడా లేదా అన్న దగ్గర ఆగుతుంది.

మిర్యాలగూడ దాటి దామరచర్ల వైపు పోతుంటే యాదాద్రి థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపించాయి. దామరచర్ల దగ్గర మూసీ మీద కేంద్ర జల సంఘం కొలతల కేంద్రం ఉంది. వాడపల్లి చేరేసరికి తొమ్మిది దాటింది. సంగమం ఒడ్డున మీనాక్షీ అగస్త్యేశ్వరాలయం. బోయవాడు ఒక పక్షిని తరుముతుంటే అది వచ్చి శివుణ్ణి శరణు వేడిందట. దాని బదులు తన తలలోంచి మాంసం తీసుకోమన్నాడట శివుడు. బోయ వేళ్ల గుర్తులు లింగం మీద ఉన్నాయి, ఆ గాయం కడగడానికి గంగ వచ్చిందంటారు. లింగం తల మీద గుంటలో నీళ్లు ఎంత తోడినా తగ్గవు. పూజారి ఉద్ధరిణితో తీసి తీర్థం ఇచ్చాడు. బావ తాగాడు. దాన్ని పరీక్షిస్తాడేమోనని అక్క ఆయన చేతినే చూస్తోంది.

అక్క కృష్ణ వైపు మెట్ల దగ్గర మునిగి, అరటి దొప్పలో దీపం వదిలింది. ఎదురుగా వంతెన, అవతల పొందుగుల, పల్నాడు. మా మురుగులో మిగిలింది ఇక్కణ్ణించి ఆంధ్ర వాళ్లతో సగం సగం. బావ ఒక పుట్టి మాట్లాడి మూసీ మూతి దాకా తీసుకుపొమ్మన్నాడు. పుట్టి నడిపిన చేపలాయన చెప్పాడు: "ఇప్పుడైతే మంచిగనే ఉన్నయి సార్. తొలకరి వాన పడితె పైనుంచి నల్లటి నీళ్లు ఒక్కసారే దిగుతయి. ఆ రోజు జెల్లలు పైకొచ్చి నోరు తెరుస్తయి. గప్పుడు రాండ్రి." బావ ఆ మాటను నోట్‌బుక్కులో రాసుకున్నాడు, తేదీ, గంటతో సహా. ఏడో సీసాలో బెల్లం పడింది. నేనీసారి కేక పెట్టలేదు.

ఐసులో తెచ్చిన మిగతా శాంపిళ్లను నగరంలో ఒక ప్రైవేటు ల్యాబులో ఇచ్చాం. వారం తర్వాత రిపోర్టు వచ్చింది, స్టాంపు, సంతకం అన్నీ ఉన్నాయి. బావ ఒకచోట వేలు పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. ఒక శాంపిల్‌కు సీఓడీ కంటే బీఓడీ ఎక్కువ వేశారు. రసాయనాలతో మొత్తం కాల్చేస్తే పట్టే ఆక్సిజన్ సీఓడీ, అందులో పురుగులు తినగలిగే భాగానికి పట్టేది బీఓడీ. మొత్తం కంటే భాగం ఎక్కువట! డబ్బులు వాపసు అడుగుదామంటే, "అడిగితె రెండంకెలు తారుమారు చేసిస్తరు, అంతే" అన్నాడు.

గాజు బుడ్డీలు మాత్రం అక్క వాళ్ల వంటింటి కిటికీలో రెండు రోజులు వరసగా నిలబడ్డాయి. నదివి ఏడూ నల్లబడ్డాయి. పుష్కరిణి కింద పట్టిన అనంతగిరి బుడ్డి కూడా. తేటగా మిగిలింది నల్లా నీళ్లు పోసిన ఎనిమిదోది ఒక్కటే. అక్క వాటిని చూస్తూనే రెండు పూటలు వంట చేసింది, ఏమీ అనలేదు. వాడపల్లిలో కృష్ణ వైపు నుంచి ఒక సీసాడు నీళ్లు తెచ్చి పూజగదిలో పెట్టుకుంది. బావ వాటిలోంచి ఒక్క చుక్క కూడా తీసుకోలేదు, ఆ ధైర్యం ఆయనకు లేదు.

మూడో రోజు నేను వెళ్లేసరికి పూజగదిలో సీసా ఖాళీగా ఉంది.

"తులసికోటల పోసిన తమ్మీ" అంది అక్క, బియ్యం ఏరుతూ. "చెట్లకైతే పనికొస్తయి గద, మీ బావ చెప్పిన ఆఖరి అక్షరం."